దొరికింది సరే, ఎక్కడ దొరికింది?

హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని పురావస్తు ప్రదర్శనశాలలో ఒక ఈజిప్టు మమ్మీ ఉంది. నేను దాన్ని మొదటిసారి చూసింది ఎనిమిదో తరగతి వేసవి సెలవుల్లో, మా మామయ్య వెంట వెళ్లినప్పుడు. గాజు పెట్టె చుట్టూ పిల్లలు మూగి ఉన్నారు. కొందరు భయపడుతున్నారు, కొందరు భయపెడుతున్నారు. నేను మాత్రం ఆ నార పట్టీలనే చూస్తూ నిలబడ్డాను. ఎవరో ఒకరు కూర్చుని, అంత ఓపికగా, ఒక పట్టీ మీద మరొక పట్టీ చుట్టారు కదా అనిపించింది.

"ఈమెది ఏ ఊరు మామయ్యా?" అని అడిగాను.

"ఈజిప్టు అని చెప్పారుగా."

"ఈజిప్టు దేశం కదా. ఊరేది?"

మామయ్య కాసేపు ఆలోచించాడు. "అది ఇప్పుడు ఎవరికీ తెలియదేమో నాన్నా" అన్నాడు.

మన దగ్గర కొత్త మనిషి ఎదురైతే పేరు కన్నా ముందు అడిగేది ఊరు. మన ఇంటిపేర్లలో చాలావరకు ఊళ్ల పేర్లే. ఊరు తెలిస్తే చాలు, ఆ మనిషి చుట్టూ ఒక చెరువు, ఒక గుడి, ఇద్దరికీ తెలిసిన ఒక బంధువు మొలుచుకొస్తారు. తవ్వకాల్లో దొరికే వస్తువుకూ అంతే. హైదరాబాద్ మమ్మీని నిజాం కుటుంబానికి చెందినవారు కొని తెచ్చారని చెబుతారు. అంగట్లో కొన్న వస్తువుకు అమ్మినవాడి నోటిమాటే ఇంటిపేరు. ఆమెను ఏ సమాధిలో, ఎవరి పక్కన, ఏ కుండల నడుమ పడుకోబెట్టారో అమ్మేవాడికి అక్కరలేదు. ఇందులో ప్రదర్శనశాల తప్పేమీ లేదు. ఆమెను ఇసుకలోంచి లాగిన చేతులు ఆ రోజు ఏమీ రాసిపెట్టలేదు, అంతే.

ఈజిప్టు పురావస్తు పరిశోధన అనగానే మన కళ్ల ముందు బంగారు ముసుగులు, మూసిన తలుపులు, కాగడాలు కదులుతాయి. కొత్త సమాధి బయటపడిందన్న వార్త మన పత్రికల్లో కూడా ఫొటోతో సహా వస్తుంది. నేను అనేది వేరు. ఇలాంటి పరిశోధన సంస్థ చేసే పనుల్లో తవ్వడం అన్నిటికన్నా తేలిక. ఏది ఎక్కడ దొరికిందో రాయడం, రాసింది అచ్చువేయడం, అచ్చయిందాన్నీ కానిదాన్నీ తరతరాలు పోకుండా కాపాడటం, ఇవీ అసలు పని. 1882 నుంచి నడుస్తున్న లండన్ సంస్థ ఈజిప్ట్ ఎక్స్‌ప్లొరేషన్ సొసైటీ చరిత్రను కొన్నేళ్లుగా చదువుతున్నాను. చదివే కొద్దీ ఈ నమ్మకం గట్టిపడింది. ఆ సంస్థ గొప్పతనమంతా ఈ పనిలోనే కనిపించింది. దాని పొరపాట్లన్నీ ఈ పనిని మరిచిన చోటే జరిగాయి.

దాన్ని మొదలుపెట్టించింది ఒక నవలా రచయిత్రి. అమీలియా ఎడ్వర్డ్స్ 1873-74 శీతకాలంలో పడవ మీద నైలు నది ఎగువకు వెళ్లింది. గుడిగోడల మీద యాత్రికులు పేర్లు చెక్కుకోవడం, బొమ్మలను గోడతో సహా పెళ్లగించి అమ్ముకోవడం, ఏటేటా రంగులు వెలిసిపోవడం కళ్లారా చూసింది. తిరిగి వెళ్లాక ప్రయాణ గ్రంథం రాసింది. అంతటితో ఆగలేదు. నవలలు రాయడం దాదాపు మానేసి, జీవితంలో మిగిలిన ఏళ్లన్నీ ఉత్తరాలు రాయడానికీ, చందాలు పోగు చేయడానికీ వెచ్చించింది. బ్రిటిష్ మ్యూజియంలో నాణేల విభాగం చూసే రెజినాల్డ్ స్టువర్ట్ పూల్, శస్త్రవైద్యుడు ఎరాస్మస్ విల్సన్ ఆమెతో కలిశారు. 1882 మార్చిలో ఈజిప్ట్ ఎక్స్‌ప్లొరేషన్ ఫండ్ పుట్టింది. 1919లో పేరు మారి సొసైటీ అయింది. ప్రభుత్వం కాదు, రాజు కాదు, విశ్వవిద్యాలయం కూడా కాదు. మామూలు గృహస్థులు, మతబోధకులు, బడిపంతుళ్లు ఏడాదికింత అని ఇచ్చిన డబ్బుతో నడిచిన సంస్థ. 1892లో చనిపోతూ ఆమె తన ఆస్తిని లండన్ యూనివర్సిటీ కాలేజీకి రాసింది. బ్రిటన్‌లో ఈజిప్టు పురావస్తు శాస్త్రానికి మొదటి ఆచార్య పీఠం అలా ఏర్పడింది.

ఆమె మీద నాకు గౌరవం ఎక్కువ. అయినా ఆ సంవత్సరాన్ని మరిచిపోకూడదు. 1882 మార్చిలో సంస్థ పుట్టింది. జూలైలో బ్రిటిష్ యుద్ధనౌకలు అలెగ్జాండ్రియా మీద గుళ్లు కురిపించాయి. సెప్టెంబరు 13న తెల్ ఎల్ కబీర్ దగ్గర ఈజిప్టు సేనాని అరాబీ పాషా సైన్యం ఓడిపోయి, ఈజిప్టు బ్రిటిష్ వారి చేతుల్లోకి వెళ్లింది. ఆ యుద్ధంలో మద్రాసు శాపర్స్ దళం కూడా ఉంది. మన మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఓడెక్కిన సిపాయిలు ఆ ఇసుకలో కందకాలు తవ్వారు. కొన్ని నెలల్లోనే, 1883 ఆరంభంలో, ఆ యుద్ధం జరిగిన వైపే, వాది తుమిలాత్ లోయలో తెల్ ఎల్ మస్ఖూతా అనే దిబ్బ మీద సంస్థ తన మొదటి తవ్వకం మొదలుపెట్టింది. స్విట్జర్లాండ్ పండితుడు ఎడ్వర్డ్ నవీల్ దానికి నాయకుడు. బైబిలు నిర్గమకాండంలో ఇశ్రాయేలీయులు కట్టిన పీతోము పట్టణం అదేనని ఆయన ప్రకటించాడు. చందాదారులు సంబరపడ్డారు. వారిలో చాలామందికి ఈజిప్టు కన్నా బైబిలు ముఖ్యం. తమకు ముందే తెలిసినదాన్ని వెతుక్కుంటూ వెళ్లినవారికి అదే దొరుకుతుంది. ఆ తొలి ఏళ్ల నివేదికలు చదువుతుంటే నాకు కలిగే ఇబ్బంది ఇదే.

మరుసటి ఏడాది వచ్చిన ఫ్లిండర్స్ పెట్రీ మరో రకం మనిషి. గిజా పిరమిడ్ల దగ్గర ఆయన ఒక చిన్న పాలరాతి బొమ్మ కొన్నాడు. పాత గ్రీకు పోకడలున్న బొమ్మ. అక్కడ దొరకవలసింది కాదు. ఎక్కడిదని అమ్మినవాణ్ని పట్టుబట్టి అడిగాడు. నెబీరా అనే పల్లె పేరు చెప్పాడతను. పెట్రీ డెల్టాలోని ఆ పల్లె వెతుక్కుంటూ వెళ్లాడు. అడుగు వేస్తే కాలి కింద గ్రీకు కుండపెంకులు నలిగేంతగా పరుచుకుని ఉన్నాయక్కడ. 1884లో అక్కడ తవ్వకం మొదలైంది. ఈజిప్టు గడ్డ మీద గ్రీకు వర్తకులు నివసించిన నౌక్రాతిస్ పట్టణం అదేనని శాసనం చెప్పింది. ఒక పట్టణం పట్టణమే తిరిగి దొరికింది. దానికి దారి చూపింది బొమ్మ అందం కాదు. ఊరేదని అడిగిన ప్రశ్న.

పెట్రీకీ నవీల్‌కీ పొసగలేదు. నవీల్ చూపంతా పెద్ద రాళ్ల మీద, శాసనాల మీద. పెంకులు, పూసలు, విరిగిన పిడులు ఆయనకు అడ్డుగా కనిపించేవి. పెట్రీకి అవే చరిత్ర. కుండ అంచు ఎలా వంగిందో చూసి కాలం చెప్పవచ్చని ఆయన వాదన. ఈ గొడవల్లోనే పెట్రీ ఒక దశలో సంస్థను వదిలి వెళ్లాడు కూడా. ఈ రోజు ఆ తగువులో ఎవరు గెలిచారని ఎవరూ అడగనక్కరలేదు. ఇప్పుడు ఏ తవ్వకానికి వెళ్లినా పెంకులు గుట్టలుగా పోసి, కడిగి, నంబర్లు వేసి, ఒక్కొక్కటీ గీసుకునేవారు కనిపిస్తారు.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటికి వస్తాను. కైరోకు దక్షిణంగా సుమారు 160 కిలోమీటర్ల దూరంలో అల్ బహ్నసా అనే ఊరుంది. గ్రీకు, రోమన్ పాలనలో దాని పేరు ఆక్సీరింకస్. మొనదేలిన మూతి గల ఒక నైలు చేప పేరది. ఊరి బయట చెత్తకుప్పలు, వందల ఏళ్లు ఊరంతా కలిసి పోసిన చెత్త. వాన దాదాపు లేని చోటు, నైలు వరద ఎక్కని ఎత్తు. అందువల్ల ఆ చెత్తలో పారేసిన పపైరస్ కాగితాలు కుళ్లలేదు.

మన పల్లెల్లో పాటిమన్ను అంటే రైతులకు తెలుసు. పాత ఊరు పాడుపడిన దిబ్బ మీది మట్టి, చేనుకు బలమని బండ్లతో తోలుకుపోతారు. ఆ బండ్లలో ఎన్ని కుండపెంకులు, ఎన్ని సీసపు నాణేలు పోయాయో లెక్క లేదు. ఈజిప్టులోనూ అదే కథ. అక్కడ ఆ మట్టిని సెబాఖ్ అంటారు. పాత పట్టణాల దిబ్బలు ఎన్నో అలా పొలాల్లో కలిసిపోయాయి. ఆ మట్టి తోలుకుపోయేవారికన్నా ముందు కాగితాల్ని అందుకోవాలన్న తొందరతోనే సంస్థ ఇద్దరు కుర్ర పండితుల్ని, గ్రెన్‌ఫెల్‌ను, హంట్‌ను, అక్కడికి పంపింది.

1897 జనవరిలో వారు ఆ కుప్పల్లో చేయి పెట్టారు. మొదటి రోజుల్లోనే హంట్ ఒక నలిగిన కాగితం విప్పి చూస్తే కార్ఫోస్ అనే గ్రీకు మాట కనిపించింది. అంటే నలుసు. నీ సహోదరుని కంటిలోని నలుసును చూడనేల అనే మాట తెలుగు బైబిలు చదివిన ఎవరికైనా చప్పున గుర్తొస్తుంది. హంట్‌కూ గుర్తొచ్చింది. అది యేసు చెప్పినట్టుగా కూర్చిన వాక్యాల పుస్తకంలోని ఒక ఆకు. కానీ మన చేతిలో ఉన్న నాలుగు సువార్తల్లో అది ఏదీ కాదు. 1945లో ఎగువ ఈజిప్టులోని నాగ్ హమ్మాది దగ్గర, ఈజిప్టు క్రైస్తవుల పాత భాష కోప్టిక్‌లో రాసిన పుస్తకాలు దొరికాకగాని, ఆ ఆకు తోమా సువార్తలోదని ఖాయం కాలేదు. ఒక కాగితం తన ఇంటిపేరు చెప్పుకోవడానికి దాదాపు అరవై ఏళ్లు ఆగింది. ఆగగలిగింది, ఎందుకంటే దొరికిన ఏడాదే దాన్ని అచ్చువేసి అందరి ముందూ పెట్టారు.

1907 దాకా ఆరు సీజన్లు తవ్వి, దొరికినవన్నీ రేకు పెట్టెల్లో పెట్టి ఆక్స్‌ఫర్డ్‌కు పంపారు. మొత్తం సుమారు ఐదు లక్షల ముక్కలు. గ్రీకు నాటకకర్త సోఫోక్లిస్ రాసి, తర్వాత జాడ లేకుండా పోయిన నాటకం ఒకటి, కవయిత్రి సాఫో పద్యాలు, కవి పిండార్ పాటలు, యూక్లిడ్ జ్యామితిలోని ఒక బొమ్మ, ఇవన్నీ ఆ పెట్టెల్లోంచే వచ్చాయి. పండితులు వాటి గురించే ఎక్కువ రాస్తారు. నన్ను పట్టుకున్నవి మాత్రం ఉత్తరాలు.

థియోన్ అనే పిల్లవాడు తండ్రికి రాసిన ఉత్తరం ఒకటుంది. 2వ లేదా 3వ శతాబ్దం నాటిది. అక్షరాలు వంకర, తప్పులు ఎక్కువ. నన్ను పట్నానికి తీసుకువెళ్లకుండా భలే పని చేశావు అని మొదలుపెడతాడు. అలెగ్జాండ్రియాకు తీసుకువెళ్లకపోతే నీకు ఉత్తరం రాయను, నీతో మాట్లాడను, నువ్వు చల్లగా ఉండాలని కోరుకోను అంటాడు. అమ్మ వీడితో వేగలేకపోతున్నాను, తీసుకుపొండి అంటోందని కూడా వాడే రాస్తాడు. ఒక వీణ లాంటి వాద్యం పంపమని అడుగుతాడు. పంపకపోతే తినను, తాగను, అంతే అని ముగిస్తాడు. ఆ ఉత్తరం చదివిన రోజు నేను చాలాసేపు ఊరికే కూర్చున్నాను. తండ్రి పంపాడో లేదో మనకు తెలియదు. కానీ ఆ అలక మాత్రం మన ఇంట్లో ఈ సాయంత్రం వినబడినంత దగ్గరగా ఉంది.

ఇంకొకటి చదివితే గుండె బరువెక్కుతుంది. క్రీస్తు పూర్వం 1వ సంవత్సరంలో హిలారియన్ అనే కూలి మనిషి అలెగ్జాండ్రియా నుంచి ఊళ్లో ఉన్న భార్య అలిస్‌కు రాశాడు. అందరూ తిరిగి వచ్చినా నేను ఇక్కడే ఉంటే దిగులుపడకు, పిల్లవాణ్ని జాగ్రత్తగా చూసుకో, కూలి డబ్బు చేతికి రాగానే పంపుతాను అంటాడు. దుబాయిలో, మస్కట్‌లో పనిచేసే మనవాళ్ల ఉత్తరాలు చదివి వినిపించినవారికి ఈ వాక్యాలు కొత్తవి కావు. ఆ తర్వాతి వాక్యం ఇది: నువ్వు ప్రసవిస్తే, మగబిడ్డ అయితే ఉంచు, ఆడబిడ్డ అయితే పారెయ్యి. ఆ వెంటనే మళ్లీ, నన్ను మరిచిపోవద్దని నువ్వు కబురు పంపావు, నిన్నెలా మరిచిపోతాను, దిగులుపడకు అని. ప్రేమా, ఆ మాటా ఒకే చేత్తో, ఒకే కాగితం మీద. ఏ రాజు శాసనంలోనూ ఇది ఉండదు. రాజులు తమ గెలుపుల్ని రాళ్ల మీద చెక్కించుకున్నారు. అలిస్ ఇంట్లో ఏం జరిగిందో చెత్తకుప్ప దాచిపెట్టింది.

ఈ కాగితాల్ని ఎప్పుడో చదివి పక్కన పెట్టేశారనుకుంటే పొరపాటు. మొదటి సంపుటం 1898లో వచ్చింది. ఇప్పటికి ఎనభైకి పైగా సంపుటాలు, ఐదు వేలకు పైగా పాఠాలు అచ్చయ్యాయి. అంటే పెట్టెల్లో ఉన్నదానితో పోలిస్తే పిడికెడే. నూట పాతికేళ్లలో ఇంతేనా అని విసుక్కునేవారున్నారు. వారితో నాకు పేచీ ఉంది. పురుగు తిన్న ఒక్క ముక్కను చదవాలంటే, ఆ చేతిరాత ఏ కాలానిదో తెలియాలి, పోయిన అక్షరాలు ఎన్నో లెక్కించాలి, అలాంటి పత్రాలు మరో వంద చదివి ఉండాలి. ఆ ముక్కకు జోడీ ముక్క వేరే పెట్టెలో ఉండవచ్చు. తొందరపడితే చూడాలనుకున్నదే కనబడుతుందని వాది తుమిలాత్ నేర్పింది కదా. మార్కు సువార్త ముక్క ఒకటి 1వ శతాబ్దానిదని కొన్నేళ్లు ప్రపంచమంతా పుకారు నడిచింది. 2018లో 83వ సంపుటంలో దాన్ని 5345వ సంఖ్యతో ప్రచురించినప్పుడు, అది 2వ శతాబ్దం చివరిదో 3వ శతాబ్దం ఆరంభానిదో అని నెమ్మదిగా, ఆధారాలతో తేల్చారు. నిదానమే ఆ పనికి ప్రాణం. నా ఫిర్యాదు నిదానం మీద కాదు. కొత్త సమాధుల మీద కురిసే డబ్బులో, శ్రద్ధలో చిటికెడైనా ఈ పెట్టెల మీద పడటం లేదు. అదీ నా బాధ.

మన వైపు నుంచి చూసినా ఆ పెట్టెల్లో మనకు రావలసినది ఉంది. 413వ సంఖ్య పత్రం 1903లో అచ్చయింది. రోమన్ కాలపు ప్రహసనం. కరితియోన్ అనే గ్రీకు యువతి సముద్రం దాటి భారత తీరంలో చిక్కుకుంటుంది. అన్న వచ్చి, అక్కడి రాజుకు నీళ్లు కలపని ద్రాక్షసారా తాగించి, చెల్లెల్ని పడవెక్కిస్తాడు. నాటకంలో భారతీయులు తమ భాషలో మాట్లాడతారు, ఆ మాటల్ని గ్రీకు లిపిలో రాశారు. మధ్య మధ్య డప్పు ఎప్పుడు మోగించాలో కూడా గుర్తులున్నాయి. ఆ మాటలు కన్నడమని 1904లోనే శాసన పండితుడు హుల్ష్ ప్రతిపాదించాడు. తర్వాత శామశాస్త్రి అదే దారిలో వెళ్లాడు. కొందరు తుళు అన్నారు. ఇంకొందరు అది ఉత్త నవ్వించే గోల, భాష కాదన్నారు. తగువు తేలలేదు. మిరియాలు, ముత్యాలు మోసుకెళ్లిన ఓడలతో పాటు మన ద్రావిడ కుటుంబపు భాష ఒకటి ఈజిప్టు రంగస్థలం దాకా వెళ్లిందేమో అన్న ఆలోచనకే నా ఒళ్లు పులకరిస్తుంది. దాన్ని తేల్చగలిగినవారు దక్షిణాది పాత శాసన భాషలు తెలిసినవారే. మన విశ్వవిద్యాలయాల్లో గ్రీకు నేర్పే చోట్లు ఎన్ని?

ఇక ఆ సంస్థ చేసిన పెద్ద పొరపాటు. దొరికినవాటిలో కైరో మ్యూజియం తనకు కావలసినవి తీసుకున్నాక, మిగిలినవాటిని చందా ఇచ్చిన మ్యూజియాలకు, కాలేజీలకు, బడులకు పంచేవారు. ఆనాటి చట్టం దానికి ఒప్పుకుంది. ఆ పంపకం ఆశ లేకపోతే చందాలు వచ్చేవి కావు, తవ్వకాలే జరిగేవి కావు అని చెబుతారు. నిజమే కావచ్చు. కానీ ఫలితం ఏమిటి? ఒకే మనిషితో పూడ్చిన అద్దం ఒక దేశానికి, కుండ మరో దేశానికి, పూసల దండ ఇంకో ఖండానికి వెళ్లాయి. ఉమ్మడి ఇంటి సామాను వేలం వేసినట్టు వందలాది సంస్థలకు చెదిరిపోయాయి. 1983లో ఈజిప్టు కొత్త చట్టంతో ఆ పంపకానికి తెర పడింది. ఇప్పుడు పరిశోధకులు ఏ వస్తువు ఎక్కడికి చేరిందో ఒక్కొక్కటిగా జాడ తీస్తున్నారు. తీయగలుగుతున్నారంటే, తవ్విన రోజున రాసిన కార్డులు, పంపకాల జాబితాలు లండన్ కార్యాలయంలో భద్రంగా ఉండబట్టి.

ఆ రాతల విలువ 2019లో ఇంకా బాగా తెలిసింది. ఆక్సీరింకస్ ముక్కలు కొన్ని దొంగతనంగా బయటికి వెళ్లి, అమెరికాలోని మ్యూజియం ఆఫ్ ది బైబిల్‌కు చేరాయని సంస్థే ప్రకటించింది. అక్కడ పదమూడు గుర్తించారు. మొత్తం మీద సుమారు 120 ముక్కలు కనిపించడం లేదని లెక్క తేలింది. ముక్కలతో పాటు చాలావాటి కార్డులు, ఫొటోలు కూడా మాయమయ్యాయి. తీసినవారికి తెలుసు, కార్డు లేకపోతే ఆ కాగితానికి ఊరు లేదని. కానీ సంస్థ దగ్గర ఆ రికార్డులకు మరో ప్రతి ఉంది. ఏ ముక్క ఎవరిదో దానితో రుజువు చేయగలిగారు. నమ్మి లోపలికి రానిచ్చిన చోటే దొంగతనం జరగడం చిన్న విషయం కాదు. కాపలా ఎందుకు సడలిందని సంస్థను గట్టిగా అడగాల్సిందే. అయినా ఆ కథ చదివినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది, ఎప్పుడో, పేరు లేకుండా, ఒక మూల కూర్చుని ఆ కార్డులకు రెండో ప్రతి తయారు చేసినవారు.

పేరు లేనివారంటే ఇంకొందరున్నారు. ఇసుకలో చేయి పెట్టినవారు ఆక్స్‌ఫర్డ్ పండితులు కాదు. అల్ బహ్నసాలో గంపలు మోసి, కుప్పలు తోడి, మెత్తటి కాగితం చిరగకుండా బయటికి తీసినవారు ఈజిప్టు పల్లెల కూలీలు, పిల్లలు. ఎగువ ఈజిప్టులోని కుఫ్త్ ఊరి వారికి 1893-94లో పెట్రీ శిక్షణ ఇచ్చాడు. వారి వారసులు ఆ తర్వాత దేశమంతటా తవ్వకాల్లో మేస్త్రీలయ్యారు. పెట్రీ తన కుడిభుజంగా నమ్మిన అలీ సుఎఫీ లాంటి ఒకరిద్దరి పేర్లే మనకు తెలుసు. మట్టి రంగు మారడాన్ని చేతివేళ్లతో పసిగట్టిన ఆ మనుషుల్లో ఎక్కువమంది కూలి లెక్కల పుస్తకాల్లో పేర్లుగా మిగిలారు. కుండకు నంబరు వేసి, దాన్ని తీసిన మనిషి పేరు నివేదికలో రాయకపోవడాన్ని నేను చిన్న లోపం అనుకోను. ఆ లెక్కల పుస్తకాలు, ఫొటోలు, డైరీలు వెతికి ఆ పేర్లను అచ్చులోకి తేవడం ఇప్పుడు సంస్థ బాకీ. అలాగే ఆ పెట్టెలు చదివే హక్కులో మొదటి వాటా ఈజిప్టు విద్యార్థులదని నా అభిప్రాయం. కైరోలోని ఐన్ షమ్స్ విశ్వవిద్యాలయంలో పపైరస్ అధ్యయన కేంద్రం ఉంది. చదవగలిగినవారు ఆ గడ్డ మీదే ఉన్నారు.

ఇంత పట్టుగా మాట్లాడటానికి కారణం మన అమరావతి. 1790లలో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు మనుషులు అక్కడి బౌద్ధ స్తూపపు దిబ్బ దీపాలదిన్నెను ఇటుకల కోసం తవ్వారు. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కోలిన్ మెకంజీ తర్వాత వచ్చి బొమ్మలు గీయించాడు. ఆ శిల్పాల్లో చాలావరకు ఈ రోజు ఆ కాగితాల మీద తప్ప ఎక్కడా లేవు. 1880లో, అంటే లండన్‌లో ఈ సంస్థ పుట్టడానికి రెండేళ్ల ముందు, మద్రాసు గవర్నరు ఆజ్ఞతో దిన్నె మొత్తాన్ని తోడేశారు, ఏది ఎక్కడుందో సరిగా రాసుకోకుండానే. మహాచైత్యం ఎలా ఉండేదో ఇప్పటికీ శిల్పాల్లోని చిన్న చిన్న స్తూపాల బొమ్మలు చూసి ఊహించుకుంటున్నాం. నాగార్జునకొండ కథ వేరు. 1954 నుంచి 1960 దాకా, సాగర్ నీళ్లు ఎక్కేలోపు, లోయంతా తవ్వి కొలిచి గీసుకున్నారు. అదే కాలంలో సూడాన్ సరిహద్దులోని బుహెన్‌లో వాల్టర్ ఎమరీ ఈ సొసైటీ తరఫున పచ్చి ఇటుకల పెద్ద కోటను తవ్వుతున్నాడు. అస్వాన్ ఆనకట్ట నీళ్లు దాన్ని ముంచేశాయి. పచ్చి ఇటుకను ఎక్కడికీ తరలించలేరు, కాగితం మీది కోటే మిగిలింది. మన లోయ నివేదిక మొదటి సంపుటం 1975లో, రెండోది 2006లో వచ్చాయి. తవ్విన తరం చాలావరకు వెళ్లిపోయాక.

అందుకే ఈ సంస్థ చేస్తున్న పనుల్లో ఎవరూ ఫొటో తీయనిదే నాకు ఎక్కువ నచ్చుతుంది. 1997 నుంచి నైలు డెల్టాలోని పురాతన దిబ్బలన్నిటి జాబితా తయారు చేస్తున్నారు. ఏడు వందలకు పైగా చోట్లు. ఒక్కో దిబ్బ దగ్గరికీ వెళ్లి, ఎంత మిగిలింది, చుట్టూ పొలం ఎంత ఆక్రమించింది, పైన ఇళ్లు ఎన్ని లేచాయి, ఉపరితలం మీద ఏ కాలపు పెంకులున్నాయి అని రాసుకోవడమే పని. చాలా దిబ్బల్లో పార పెట్టే ఉద్దేశం కూడా లేదు. కొన్ని ఇప్పటికే చదునై కనబడకుండా పోయాయి. వాటికి ఆ జాబితాలోని నాలుగు వరుసలే సమాధిరాయి. ఇది పరిశోధనేనా అని ఒక మిత్రుడు నన్ను అడిగాడు. ఇదే మొదటి పరిశోధన అన్నాను. ఒప్పుకోలేదు. మా వాదన ఇంకా నడుస్తూనే ఉంది.

2011లో ఆక్సీరింకస్ ముక్కల ఫొటోలను ఎవరైనా చదవడానికి సాయపడేలా ఇంటర్నెట్‌లో పెట్టారు. గ్రీకు రానక్కరలేదు. తెర మీద ముక్క కనిపించేది, కింద గ్రీకు అక్షరాల వరుస ఉండేది. ముక్క మీది అక్షరాన్ని చూసి, కింద దాన్ని పోలినది నొక్కడమే పని. నేను కొన్ని నెలలు రాత్రి భోజనమయ్యాక గంట సేపు ఆ పని చేశాను. పలక మీద దిద్దుకునే పిల్లల్లా, ఇది సిగ్మానా, ఎప్సిలాన్‌నా అని కళ్లు చికిలించి చూసేదాన్ని. ఒక ముక్క బాగా గుర్తుంది. అరచేతిలో సగం కూడా ఉండదేమో. నడుమ పురుగు తొలిచిన కన్నం, కుడి అంచు కాలినట్టు నలుపు. మూడు వరుసల్లో కలిపి తొమ్మిది అక్షరాలు పోల్చగలిగాను. నాలుగో వరుసలో ఒక అక్షరం అడుగు గీత మాత్రమే మిగిలింది. అది ఏమై ఉంటుందో తేల్చలేక ఖాళీగా వదిలేశాను. అది పన్ను రసీదో, పద్యమో, మరో థియోన్ అలకో నాకు తెలియదు. ఆక్స్‌ఫర్డ్‌లో ఏదో పెట్టెలో, తన ఫోల్డరులో, తన నంబరుతో ఉంది. నేను వదిలేసిన ఆ అక్షరం కోసం ఎవరైనా వెళ్తే దొరుకుతుంది.